రసీదు వేరు, ధాన్యం వేరు: విలువకీ పాయింటర్‌కీ మధ్య పడే ఎర్రర్లు

(అమలాపురంలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం విద్యార్థులకూ, మొబైల్ యాప్‌ల పనిలో ఉన్న యువతీయువకులకూ ఇచ్చిన ప్రసంగానికి రాతరూపం. తెర మీద చూపించిన కోడును కూడా తెలుగు లిపిలోనే రాశాం.)

అందరికీ నమస్కారమండి. వెనక వరుసల వాళ్లకి తెర కనపడుతోందా? కనపడకపోతే ముందుకొచ్చి కూర్చోండి. ఈరోజు చూడాల్సినవన్నీ చిన్న చిన్న గుర్తులు.

తెర మీద ఒకటే లైను ఉంది.

ఎన్ఎస్ ఇంటిజర్ *మట్టం = 1175;

ఇది ఆబ్జెక్టివ్ సీ. ఎన్ఎస్ ఇంటిజర్ అంటే అందులో పూర్ణాంకం టైపు. పాత ఐఫోన్ యాప్‌లను కాపాడుకుంటూ వస్తున్న వాళ్లకి రోజూ తగిలే భాష. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం చూపించే చిన్న యాప్ అనుకుందాం. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. దశాంశాల గొడవ ఎందుకని యాప్ రాసిన మనిషి అడుగులను వందతో హెచ్చించి 1175 అని పెట్టుకున్నాడు. లైనులో తప్పల్లా ఒక్క గుర్తు, ఆ స్టార్. తీసేస్తే ఈ ఎర్రరు పోతుంది. ఎందుకు తీయాలో తెలియకుండా తీస్తే మాత్రం, రేపు ఉండాల్సిన చోట కూడా తీసేస్తాం. అందుకని ముందు ఆ స్టార్ అర్థం చూద్దాం.

రైసు మిల్లు గోదాములో ధాన్యం దించితే రసీదు ఇస్తారు. రసీదు మీద ‘40’ అని ఉంటే అది నలభయ్యో వరుస. నలభై బస్తాలు కాదు. ఆ వరుస దగ్గరికి వెళ్తే అక్కడ 75 కిలోల బస్తాలు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. ధాన్యం విలువ అయితే రసీదు పాయింటర్, అంటే విలువ ఉన్న చోటి చిరునామా. డిక్లరేషన్‌లో పేరు ముందు స్టార్ పెడితే అది పాయింటర్ అని చెప్పినట్టు. రెండింటి మీదా అంకెలే ఉంటాయి, చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. మెమరీలో కూడా అంతే. నేటి 64 బిట్ ఐఫోన్‌లో ఎన్ఎస్ ఇంటిజర్ 8 బైట్లు, పాయింటరూ 8 బైట్లే. సైజు చూసి ఏది ఏదో చెప్పలేం. ఆ తేడా కంపైలర్‌కి, అంటే మన కోడును యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాముకి, తెలిసేది మనం ఇచ్చిన డిక్లరేషన్ వల్లే. ఏ పేరు ఏ టైపో చెప్పే లైనే డిక్లరేషన్. అందుకే ఈ జాతి ఎర్రర్లలో చాలావాటికి మందు ఎర్రరు పడిన లైనులో దొరకదు, డిక్లరేషన్ దగ్గర దొరుకుతుంది.

ఇప్పుడు తెర మీది లైను ఏం చెబుతోందో చూడండి. మట్టం అనేది ఒక రసీదు, అది 1175వ చిరునామాకి దారి చూపిస్తుంది అంటోంది. కంపైలర్ ‘ఇన్‌కంపాటిబుల్ ఇంటిజర్ టు పాయింటర్ కన్వర్షన్’ అంటుంది. పూర్ణాంకాన్ని తెచ్చి పాయింటర్ ఉండాల్సిన చోట పెట్టావు, పొసగదు అని దాని మాట. క్లాంగ్ అనే కంపైలర్‌లో 15వ వెర్షన్ నుంచి, అంటే 2022 నుంచి, ఇది మామూలుగానే ఎర్రరు. అంతకు ముందు వార్నింగే. పసుపు త్రికోణం చూసి పక్కకి నెట్టేసిన ప్రాజెక్టులు ఇప్పుడు ఆపిల్ ప్రోగ్రామింగ్ సాధనమైన ఎక్స్‌కోడ్ కొత్త వెర్షన్‌లో తెరిస్తే ఎర్రని గుర్తులు గుట్టలుగా పడుతున్నాయంటే ఒక కారణం ఇదే. కోడు కొత్తగా చెడిపోలేదండి. ముందు నుంచీ చెడే ఉంది.

వార్నింగ్‌తో వదిలేస్తే ఏమవుతుంది? ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే మనల్ని తప్పుదారి పట్టించేది ఈ మజిలీయే. ఆ యాప్ నడుస్తుంది! మట్టాన్ని ప్రింట్ చేస్తే 1175 అనే వస్తుంది. రసీదు మీద మనమే 1175 అని రాసుకున్నాం, దాన్నే చదువుకున్నాం, గోదాముకి వెళ్లనే లేదు. ‘పనిచేస్తోంది కదా’ అని ముందుకు పోతాం. తర్వాత ఎక్కడో ‘మట్టం + 1’ అని రాస్తాం. 1176 రావాలి, 1183 వస్తుంది. పాయింటర్‌కి ఒకటి కూడితే ఒక గడి ముందుకు జరగడం అని అర్థం, ఒక గడి 8 బైట్లు. పాత 32 బిట్ ఫోనులో అయితే 1179 వచ్చేది. మీ లెక్క నాలుగేసి, ఎనిమిదేసి చొప్పున ఎగురుతోందంటే ఇంకెక్కడా వెతక్కండి, డిక్లరేషన్‌లో ఉండకూడని స్టార్ ఉంది.

ఇంకొకరు ఆ కోడు చూసి, పాయింటర్ కదా, లోపలి విలువ కావాలంటే ముందు స్టార్ పెట్టాలి కదా అని ‘*మట్టం’ అంటారు. అక్కడ యాప్ కూలుతుంది. క్రాష్ రిపోర్టులో ‘ఎగ్జిక్ బ్యాడ్ యాక్సెస్’ అని, దాని పక్కన ఒక చిరునామా ఉంటుంది. ఆ చిరునామా హెక్స్‌లో, అంటే పదహార్ల లెక్కలో, 497. దాన్ని మామూలు లెక్కలోకి మార్చి చూడండి: 4 పెట్టు 256 అంటే 1024, 9 పెట్టు 16 అంటే 144, పైన 7. మొత్తం 1175. మీ నీటిమట్టమే చిరునామాగా వచ్చి కూర్చుంది. ఆపిల్ 64 బిట్ ప్రోగ్రాముల్లో మొదటి 4 గిగాబైట్ల చిరునామాలను ఖాళీగా, ఎవరూ ముట్టుకోకుండా ఉంచుతారు. కాబట్టి చిన్న అంకెను చిరునామాగా వాడితే అక్కడికక్కడే కూలుతుంది. ఇది మన మంచికే. క్రాష్ చిరునామా మరీ చిన్నదిగా కనిపిస్తే ముందు దాన్ని పదుల లెక్కలోకి మార్చండి. నూటికి తొంభై సార్లు అని లెక్క చెప్పలేను గానీ, తెలిసిన అంకె ఎదురైతే దోషి దొరికినట్టే.

అసలు ఆ స్టార్ అక్కడికెలా వచ్చింది? చేయి జారి పడదండి. ఎక్కువగా వచ్చే దారి ఇది. క్లాసులో ప్రాపర్టీ రాస్తూ, అలవాటు కొద్దీ ‘నాన్ అటామిక్, స్ట్రాంగ్’ అని పెట్టి, ఎన్ఎస్ ఇంటిజర్ మట్టం అని ముగిస్తాం. కంపైలర్ ‘స్ట్రాంగ్ అన్న ప్రాపర్టీ ఆబ్జెక్టే అయి ఉండాలి’ అంటుంది. పైనున్న ప్రాపర్టీలు చూస్తే అన్నిటికీ స్టార్ ఉంది. మనమూ ఒకటి తగిలిస్తాం. ఎన్ఎస్ ఇంటిజర్‌కి స్టార్ తగిలించినా అది ఆబ్జెక్టు కాదు కాబట్టి ఆ ఎర్రరు పోదు, పైగా కొత్తవి పుడతాయి. సరైన దిద్దుబాటు స్టార్ పెట్టడం కాదు, ‘స్ట్రాంగ్’ తీసి ‘అసైన్’ పెట్టడం. ‘స్ట్రాంగ్’ అంటే ఆ ఆబ్జెక్టును బతికించి ఉంచు అని. పూర్ణాంకాన్ని అలా బతికించి ఉంచాల్సిన పని ఎవరికీ లేదు, అది ఆబ్జెక్టు లోపలే ఉంటుంది. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది: ఎన్ఎస్ నంబర్ *మట్టం అని రాసి ‘అసైన్’ పెట్టడం. ఇది కంపైల్ అవుతుంది. ఆ ఆబ్జెక్టును పట్టుకున్నవాళ్లు ఇంకెవరూ లేకపోతే అది పోతుంది, మన చేతిలో పాత రసీదు మిగులుతుంది.

దేనికి స్టార్ ఉండాలి, దేనికి ఉండకూడదు? ‘ఎన్ఎస్’ అన్న ముందుమాట చూసి నిర్ణయించకండి, చాలామంది పప్పులో కాలేసేది అక్కడే. ఎన్ఎస్ స్ట్రింగ్, ఎన్ఎస్ అర్రే, ఎన్ఎస్ నంబర్ క్లాసులు, స్టార్ కావాలి. ఎన్ఎస్ ఇంటిజర్, ఎన్ఎస్ యూఇంటిజర్ పూర్ణాంకాలకు పెట్టిన మారుపేర్లు. ఎన్ఎస్ టైమ్ ఇంటర్వల్ అంటే డబుల్, దశాంశ సంఖ్య. ఎన్ఎస్ రేంజ్ ఒక స్ట్రక్చర్. సీజీ ఫ్లోట్, సీజీ రెక్ట్, అవునో కాదో చెప్పే బూల్, వీటికీ స్టార్ లేదు. ఎన్ఎస్ డెసిమల్ స్ట్రక్చర్, ఎన్ఎస్ డెసిమల్ నంబర్ క్లాసు, పక్కపక్కనే ఉంటాయి. ఇంకా చిక్కు ఏమిటంటే ‘ఐడీ’ (ఏ ఆబ్జెక్టునైనా పట్టే టైపు) అన్న మాటలోనే పాయింటర్ దాగి ఉంది, దానికి మళ్లీ స్టార్ పెడితే రసీదుకి రసీదు అవుతుంది. ఎన్ఎస్ నోటిఫికేషన్ నేమ్ కూడా అంతే, లోపల స్టార్‌తో ఉన్న ఎన్ఎస్ స్ట్రింగే.

ఇవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. ఎక్స్‌కోడ్‌లో కమాండ్ మీట నొక్కి పట్టుకుని ఆ టైపు పేరు మీద క్లిక్ చేసి, డెఫినిషన్‌కి వెళ్లండి. అక్కడ ‘ఎట్ ఇంటర్‌ఫేస్’ కనిపిస్తే క్లాసు, స్టార్ పెట్టాలి. ‘టైప్‌డెఫ్’, ‘స్ట్రక్ట్’, ‘ఈనమ్’ కనిపిస్తే పెట్టకూడదు. పది సెకన్ల పని. క్లాసుకి స్టార్ మరిచిపోతే కంపైలర్ ‘ఇంటర్‌ఫేస్ టైపును స్టాటిక్‌గా కేటాయించడం కుదరదు’ అంటుంది. ఆ మాట వినపడితే చాలు, స్టార్ లేదని అర్థం. ‘బ్యాడ్ రిసీవర్ టైప్’ అంటే పూర్ణాంకానికి మెసేజ్ పంపుతున్నారు, దానికి చెవులు లేవు.

ఇప్పుడు రెండో దిక్కు నుంచి చూద్దాం. సర్వర్ నుంచి నీటిమట్టం జేసన్‌లో, అంటే పేరూ విలువా జతలుగా రాసి పంపే రూపంలో, వచ్చింది. దాన్ని విప్పితే డిక్షనరీ వస్తుంది, దానికి ‘నమోదు’ అని పేరు పెట్టుకుందాం. ఆబ్జెక్టివ్ సీ డిక్షనరీలో, అర్రేలో ఆబ్జెక్టులు తప్ప ఉత్త అంకెలు పెట్టనివ్వరు. కాబట్టి 1175 అనేది ఎన్ఎస్ నంబర్ అనే సంచిలో కట్టి వస్తుంది. కొత్తగా చేరినవాళ్లు ఇలా రాస్తారు:

ఎన్ఎస్ ఇంటిజర్ మట్టం = నమోదు[@"మట్టం"];

కుడివైపు వచ్చింది రసీదు, ఎడమవైపు ఉన్నది ధాన్యం కొలిచే కుంచం. పాత కంపైలర్‌లో ఇది వార్నింగే. మట్టంలో పడేది చిరునామా, ఏదో పొడవాటి సంఖ్య. ఎడమవైపు ఎన్ఎస్ ఇంటిజర్ బదులు ఇంట్ ఉంటే 8 బైట్ల చిరునామాలో 4 బైట్లు తెగిపోయి ఇంకా వింతైన అంకె వస్తుంది, కొన్నిసార్లు రుణసంఖ్య కూడా. పరుగు పరుగుకీ మారే అంకె, నోటికి రాని అంకె కనిపిస్తోందంటే మీరు విలువ కాదు, చిరునామా చూస్తున్నారు. సంచి విప్పాలి: [నమోదు[@"మట్టం"] ఇంటిజర్‌వాల్యూ]. తిరిగి సంచిలో కట్టాలంటే @(మట్టం). ఈ ఎట్ గుర్తు రూపం 2012లో ఎక్స్‌కోడ్ 4.4తో వచ్చింది. అంతకు ముందు రాసిన కోడులో ‘నంబర్ విత్ ఇంటిజర్’ అని పొడవుగా కనిపిస్తుంది. అర్థం ఒక్కటే, మార్చకపోయినా నష్టం లేదు.

ఇక పోలిక. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఈ లైను.

ఎన్ఎస్ నంబర్ *మట్టం = నమోదు[@"మట్టం"];
ఇఫ్ (మట్టం >= 1775) మూడో హెచ్చరిక;

పాయింటర్‌ని పూర్ణాంకంతో పోలుస్తున్నావు అని వార్నింగ్ వస్తుంది. అంతే, ఎర్రరు కాదు. చిరునామా ఎప్పుడూ 1775 కన్నా చాలా పెద్దది. కాబట్టి నది అడుగంటిపోయి ఇసుక తేలిన వేసవిలో కూడా ఈ యాప్ మూడో హెచ్చరిక చూపిస్తుంది. విచిత్రం ఏమిటంటే, వందతో హెచ్చించకుండా ‘మట్టం >= 17.75’ అని రాసి ఉంటే కంపైలర్ ఒప్పుకునేదే కాదు. పాయింటర్‌కీ డబుల్‌కీ పోలిక లేదని ఎర్రరు ఇచ్చి ఆపేది. దశాంశాలను తప్పించుకోవడానికి చేసిన తెలివైన పని ఒక రక్షణను తీసేసింది. పైగా ఈ మూడు హెచ్చరికల అంకెలకు ఆ తెలివి అవసరమే లేదు. ముప్పావు అంటే అరా, పావూ కలిపినది, కంప్యూటర్ వాడే సగాల లెక్కలో సరిగ్గా ఇమిడిపోతుంది కాబట్టి 11.75, 13.75, 17.75 డబుల్‌లో చుక్క తేడా లేకుండా పడతాయి. 11.7 అయితే అలా పడదు.

దీనికి అక్కచెల్లెళ్లు ఉన్నారు. రెండు ఎన్ఎస్ నంబర్లను ‘ఈక్వల్ ఈక్వల్’ గుర్తుతో పోలిస్తే రసీదులను పోల్చినట్టు, ధాన్యాన్ని కాదు. ఇది టెస్టులో దొరకదు, ఎందుకంటే 64 బిట్‌లో చిన్న పూర్ణాంకాలకు వేరే ఆబ్జెక్టు కట్టకుండా విలువను పాయింటర్ బిట్లలోనే దాచేస్తారు. అంటే రసీదులోనే గింజలు చుట్టి ఇచ్చినట్టు. రెండు 1175లు ఒకేలా కనిపించి పోలిక నెగ్గుతుంది. విలువ మారి ఆ పద్ధతికి లొంగని రోజున ఓడుతుంది. ‘ఈజ్ ఈక్వల్ టు నంబర్’ వాడండి, లేదా విప్పి పోల్చండి. ఇంకొకటి: బూల్‌ని సంచిలో కట్టి, ‘ఇఫ్ (హెచ్చరిక_ఉందా)’ అని అడగడం. సంచిలో ‘నో’ ఉన్నా సంచి అనేది ఉంది కదా, జవాబు ఎప్పుడూ అవుననే. బూల్‌వాల్యూ అని అడిగితేనే లోపలిది తెలుస్తుంది.

కంపైలర్ నోరు మూయించడానికి క్యాస్ట్ (దీన్ని ఫలానా టైపుగా చూడు అనే ఆదేశం) పెట్టొచ్చా అని అడుగుతారు. ముందు బ్రాకెట్‌లో ఎన్ఎస్ ఇంటిజర్ అని పెడితే వార్నింగ్ నిజంగానే పోతుంది. 2011లో వచ్చిన ఆర్క్ (ఆబ్జెక్టుల మెమరీని కంపైలరే చూసుకునే ఏర్పాటు) కూడా, ఆబ్జెక్టు పాయింటర్‌ని పూర్ణాంకంగా క్యాస్ట్ చేస్తే అడ్డు చెప్పదు. పూర్ణాంకాన్ని ఆబ్జెక్టుగా చేయబోతే మాత్రం ఆపుతుంది. కానీ క్యాస్ట్ సంచి విప్పదండి. రసీదు మీద ‘ఇది ధాన్యం’ అని పెన్నుతో రాస్తుంది. ఈ రెండు టైపుల మధ్య క్యాస్ట్ కనిపించిన ప్రతి చోటా అనుమానించండి. మీ ప్రాజెక్టులో వెతికి ఒక్కొక్కటీ చదవండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఇంతవరకు చెప్పినవి యాప్‌ను కూల్చేవో, వెర్రి అంకెలు చూపించేవో. కంటికి కనపడతాయి. కనపడనిది ఒకటుంది: సున్నాకీ, ‘లేదు’కీ తేడా చెరిగిపోవడం.

ఎన్ఎస్ నంబర్ *మట్టం = 0; అని రాస్తే కంపైలర్ కిక్కురుమనదు. 1 అని రాస్తే ఎర్రరు, 0 అని రాస్తే నిశ్శబ్దం. సీ భాషలో సున్నాకి పాయింటర్‌గా ‘ఎక్కడికీ కాదు’ అనే అర్థం పుట్టుకతో ఉంది. కాబట్టి మీరు పెట్టింది సున్నా అడుగుల మట్టం కాదు, నిల్. అంటే రసీదే లేదు. నిజంగా సున్నా కావాలంటే @0 అనాలి. ఆబ్జెక్టివ్ సీలో నిల్‌కి ఏ మెసేజ్ పంపినా చప్పుడు చేయకుండా సున్నా తిరిగిస్తుంది. నిల్‌ని డబుల్‌వాల్యూ అడిగితే 0.0. ఇప్పుడు ఆగస్టు వరద రోజు అనుకోండి. ఎక్కడో లైను తెగింది, సర్వర్‌కి ఆ గంట రీడింగ్ రాలేదు, జేసన్‌లో ఆ గడే లేదు. డిక్షనరీ నిల్ ఇచ్చింది, నిల్ సున్నా ఇచ్చింది, సున్నా 11.75 కన్నా తక్కువ. యాప్ ‘ప్రమాదం లేదు’ అని పచ్చరంగులో చూపిస్తుంది. లంకల్లో ఉన్నవాళ్లు కాజ్‌వే మునిగేలోపు పశువుల్ని గట్టుకి తోలాలా వద్దా అని ఆ తెర చూసుకుంటుంటారు. ఎర్రరు లేదు, వార్నింగ్ లేదు, క్రాష్ లేదు. విప్పే ముందు సంచి ఉందో లేదో చూడకపోవడం ఒక్కటే తప్పు.

జేసన్‌లో గడి ఉండి, అందులో ‘నల్’ అని ఉంటే కథ వేరు. అప్పుడు చేతికొచ్చేది నిల్ కాదు, ఎన్ఎస్ నల్ అనే నిజమైన ఆబ్జెక్టు. నిల్ కాదు కాబట్టి మీ నిల్ పరీక్ష దాటేస్తుంది. దానికి డబుల్‌వాల్యూ తెలియదు, ‘అన్‌రికగ్నైజ్డ్ సెలెక్టర్’ అని కూలుతుంది. మూడో రకం: సర్వర్ వాళ్లు అంకెను కోట్స్‌లో పెట్టి పంపుతారు. అప్పుడది ఎన్ఎస్ స్ట్రింగ్. దానికీ డబుల్‌వాల్యూ ఉంది కాబట్టి "13.75" సరిగ్గానే మారుతుంది. "--" అని వస్తే? కూలదు, మళ్లీ 0.0. అదే ప్రమాదం. ఇంకో మాట, ఎన్ఎస్ స్ట్రింగ్‌కి ఇంటిజర్‌వాల్యూ ఉంది, లాంగ్‌లాంగ్‌వాల్యూ ఉంది, ఉత్త లాంగ్‌వాల్యూ లేదు. అది ఎన్ఎస్ నంబర్‌కే ఉంది. ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి కూలే కోడుకి ఇదొక కారణం.

కాబట్టి విప్పడం అనేది యాప్ అంతటా చేయకండి. బయటి నుంచి సరుకు దిగే గుమ్మం దగ్గర, ఒకే ఫంక్షన్‌లో, ఒక్కసారి చేయండి. లోపలంతా డబుల్, ఎన్ఎస్ ఇంటిజర్, బూల్, ఇవే తిరగాలి. ఎన్ఎస్ నంబర్ అనేది గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ఆ ఫంక్షన్ రెండు సంగతులు చెప్పాలి: రీడింగ్ ఉందా లేదా, ఉంటే ఎంత. ఉందా లేదా అన్నది బూల్‌గా తిరిగిస్తుంది. ఎంత అన్నది పిలిచినవాళ్లు ఇచ్చిన చిరునామాలో రాస్తుంది.

ఇక్కడ ఒక అమ్మాయి చెయ్యెత్తారు, అడగండమ్మా.

(ప్రశ్న: అయితే డబుల్‌కి స్టార్ పెట్టాల్సి వస్తుంది కదండీ? ఇందాక పెట్టకూడదన్నారు.)

చాలా సరైన చోట పట్టుకున్నారమ్మా. పెట్టకూడదన్నది విలువను దాచుకునే వేరియబుల్‌కి. ‘నా వేరియబుల్‌లో నువ్వు రాసిపెట్టు’ అని వేరే ఫంక్షన్‌కి అప్పగించేటప్పుడు చిరునామా ఇవ్వాల్సిందే, అక్కడ ‘డబుల్ *’ న్యాయమైనది. పిలిచే చోట ‘డబుల్ అడుగులు = 0;’ అని స్టార్ లేకుండా పెట్టుకుని, &అడుగులు అని పంపుతాం. లోపల ‘*ఫలితం = విలువ;’ అని రాస్తాం. స్కాన్ఎఫ్‌లో ఎంపర్సండ్ ఎందుకు పెడతారో మొదటి సంవత్సరంలో చదివారే, అదే ఇది. అక్కడ ఎంపర్సండ్ మరిచిపోతే వేరియబుల్‌లో ఉన్న చెత్త అంకెనే చిరునామా అనుకుని అక్కడ రాయబోతుంది.

అర్రేని బ్లాకుతో తిరిగేటప్పుడు ‘బూల్ *స్టాప్’ అని వస్తుంది. ఆపాలంటే ‘*స్టాప్ = ఎస్’ అనాలి. స్టార్ లేకుండా ‘స్టాప్ = ఎస్’ అంటే మన చేతిలోని రసీదు మీద అంకె కొట్టేసి వేరే రాసుకున్నట్టు. లూపు ఆగదు. కొత్త కంపైలర్ దీన్ని ఎర్రరుగా పట్టేస్తుంది, పాతది వార్నింగ్‌తో వదిలేది.

ఆండ్రాయిడ్ వాళ్లు ఇది మాకెందుకు అనుకోకండి. జావాలో స్టార్ కనపడదు గానీ ఇంట్ ధాన్యం, ఇంటిజర్ రసీదు. 2004లో జావా 5 నుంచి కట్టడం, విప్పడం భాషే చేసేస్తోంది కాబట్టి తేడా ఇంకా మరుగున పడింది. రెండు ఇంటిజర్‌లను ‘ఈక్వల్ ఈక్వల్’తో పోల్చండి. 100, 100 అయితే సమానం అంటుంది. 1175, 1175 అయితే కాదంటుంది. మైనస్ 128 నుంచి 127 దాకా ముందే కట్టి ఉంచిన సంచులను అందరికీ పంచుతుంది, ఆపైన మామూలుగా కొత్తవి కడుతుంది. ‘ఈక్వల్స్’ వాడాలి. అందులోనూ లాంగ్ సంచిని ఇంటిజర్ సంచితో పోలిస్తే లోపలి అంకె ఒకటే అయినా కాదనే అంటుంది. ఇంటిజర్‌ల లిస్టులో రిమూవ్ అని పిలిచి ఇంట్ 3 ఇస్తే నాలుగో గడిని తీసేస్తుంది, 3 అనే విలువని కాదు. ఒక్క విషయంలో జావా పద్ధతే నాకు నచ్చుతుంది: నల్‌ని విప్పబోతే సున్నా ఇవ్వదు, నల్ పాయింటర్ ఎక్సెప్షన్ విసిరి ఆపేస్తుంది. వరద యాప్‌కి ఆ కూలడమే మేలు.

సీ రాసేవాళ్లకి రెండు మాటలు. ‘ఎస్‌టీడీలిబ్’ హెడర్ కలపకుండా, మెమరీ అడిగే మ్యాలాక్‌ని పిలిస్తే, పాత కంపైలర్ అది ఇంట్ తిరిగిస్తుందని ఊహించుకుని 8 బైట్ల చిరునామాను 4కి కత్తిరించేది. అప్పుడు క్యాస్ట్ పెట్టి వార్నింగ్ అణిచేసేవాళ్లు. మందు హెడర్ కలపడం. 2024లో వచ్చిన జీసీసీ 14 (మరో సీ కంపైలర్) నుంచి పూర్ణాంకం, పాయింటర్ కలగలిపితే ఎర్రరే. మీ కాలేజీ ల్యాబులో పాత జీసీసీ ఉంటే ‘మైనస్ డబ్ల్యూ ఎర్రర్ ఈక్వల్ ఇంట్ హైఫన్ కన్వర్షన్’ అని జెండా పెట్టుకుంటే అదే కట్టుబాటు వస్తుంది. ఎక్స్‌కోడ్‌లో బిల్డ్ సెట్టింగ్స్‌లో ‘ట్రీట్ వార్నింగ్స్ యాజ్ ఎర్రర్స్’ ఎస్ చేయండి. ఏళ్ల తరబడి పేరుకున్న ప్రాజెక్టులో అన్నీ ఒకేసారి ఎర్రరుగా మారిస్తే ఊపిరాడదు. ముందు ఈ ఒక్క జాతినే మార్చండి. దిద్దేటప్పుడు పైనుంచి మొదటి ఎర్రరు పట్టుకోండి, డిక్లరేషన్ దిద్దండి, మళ్లీ బిల్డ్ చేయండి. ఒక్క స్టార్ తీస్తే కింద పదిహేను పోవడం మామూలే. కింది నుంచి దిద్దుకుంటూ వస్తే ఆ పదిహేనింటికీ పదిహేను క్యాస్టులు పెడతారు.

ప్రింట్ చేసేటప్పుడు కూడా చూసుకోండి. ఎన్ఎస్ లాగ్‌లో శాతం ఎట్ అనేది ఆబ్జెక్టుకి. ఎన్ఎస్ ఇంటిజర్‌కి శాతం ఎల్‌డీ పెట్టి, లాంగ్ అని క్యాస్ట్ చేయాలి. ఇది మంచి క్యాస్టే, విలువ నుంచి విలువకి. ఎన్ఎస్ నంబర్‌కి శాతం డీ పెడితే చిరునామా ముక్క అచ్చవుతుంది, దాన్ని చూసి సర్వర్ తప్పు పంపిందని వాళ్ల మీద కేకలేస్తాం.

ఇక గుమ్మం దగ్గరి ఫంక్షన్. వచ్చిన ఐడీ ఎన్ఎస్ నంబర్ క్లాసుదేనా అని ‘ఈజ్ కైండ్ ఆఫ్ క్లాస్’తో అడగండి. అవునంటే డబుల్‌వాల్యూతో విప్పి చిరునామాలో రాసి ఎస్ తిరిగివ్వండి. జేసన్‌లోని ట్రూ, ఫాల్స్ కూడా ఎన్ఎస్ నంబర్‌గానే వస్తాయని గుర్తుంచుకుని సర్వర్ వాళ్లతో మాట్లాడుకోండి. ఎన్ఎస్ స్ట్రింగ్ అయితే డబుల్‌వాల్యూ వాడకుండా ఎన్ఎస్ స్కానర్‌కి ఇచ్చి ‘స్కాన్ డబుల్’ అనండి, దానికి & పెట్టి చిరునామా ఇవ్వాలి. అంకె దొరికిందో లేదో అది బూల్‌గా చెబుతుంది. తర్వాత ‘ఈజ్ ఎట్ ఎండ్’ అని కూడా అడగండి, అంకె వెనకాల చెత్త ఏమన్నా ఉంటే తేలిపోతుంది. ఇవేవీ కాకపోతే, నిల్ అయినా ఎన్ఎస్ నల్ అయినా, నో తిరిగివ్వండి. నో వస్తే తెర మీద సున్నా కాదు, ‘రీడింగ్ రాలేదు’ అని, చివరిసారి ఎప్పుడు వచ్చిందో ఆ టైముతో సహా చూపించండి.

ఇప్పుడు పక్క గదిలో మెషీన్ల దగ్గర ఎనిమిది ఇన్‌పుట్‌లతో దీన్ని నడుపుతాం. @0 ఇస్తే ‘0 అడుగులు, హెచ్చరిక లేదు’ రావాలి. @11.74కి కూడా హెచ్చరిక ఉండకూడదు. @11.75కి మొదటిది. కోట్స్‌లో పెట్టిన "13.75"కి రెండోది. @17.75కి మూడోది. ఆరోది గడే లేని డిక్షనరీ, ఏడోది ఎన్ఎస్ నల్, ఎనిమిదోది "--". ఈ ఆఖరి మూడింటికీ ‘రీడింగ్ రాలేదు’ అనే రావాలి. వాటిలో ఏ ఒక్కటి ‘0 అడుగులు’ అని చూపించినా ఆ బిల్డ్ బయటికి పంపకండి. పదండి, మెషీన్లు ఆన్ చేసే ఉన్నాయి.